బ్యాటు మీద పేరు ఎవరిది?



పోయిన ఆదివారం కార్యవర్గం మీటింగులో గంటన్నర సేపు ఒకే విషయం నడిచింది. సంక్రాంతి ఆటల పోటీలకు కాలనీ పిల్లల కోసం పన్నెండు షటిల్ బ్యాట్లు కొనాలి. ఒక తమ్ముడు కొత్త కంపెనీ బ్యాట్లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ధర తక్కువ, మెరుపు జాస్తి. పెద్దవాళ్ళం అందరం ఒకే మాట అన్నాం: "యోనెక్సే కొనాలి." అతను నవ్వి, "అన్నా, మీరు బ్యాటు కొనడం లేదు, పేరు కొంటున్నారు" అన్నాడు. టీ తాగి, తీర్మానం లేకుండానే లేచాం. ఆ మాట మాత్రం మాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకో చివర్లో చెబుతాం. ముందు ఆ పేర్ల చరిత్ర చూద్దాం. మేము బడిలో చదివింది అరవం. తెలుగు రాత రిటైరయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి.

మేము చిన్నప్పుడు రైల్వే కాలనీలో ఆడింది షటిల్ కాదు, ఉన్ని బంతి ఆట, బాల్ బ్యాడ్మింటన్. అరవంలో దాన్ని పూప్పందు అంటారు, షటిల్‌ని ఇరగుప్పందు అంటారు. పూప్పందు తంజావూరు రాజుల ఇంట పుట్టిందని చెప్పుకుంటారు. అప్పటి బ్యాట్లన్నీ కొయ్యవి. వానాకాలంలో వంగిపోకుండా చట్రంలో పెట్టి, నాలుగు మూలలా మరలు బిగించి దాచేవాళ్ళం. వాటి మీద ఏ పేరుందో చదివినవాడు లేడు. పార్సిల్ ఆఫీసులో చేరాకనే తెలిసింది, ఆటసామాన్ల కట్టలు జలంధర్ నుంచి, మీరట్ నుంచి వస్తాయని. 1947 విభజనలో సియాల్‌కోట్ వదిలి వచ్చిన పనివాళ్ళు, వ్యాపారులు ఆ ఊళ్ళలో మళ్ళీ పని మొదలుపెట్టారు. ఆ తరం మన చేతికి బ్యాట్లు అందించింది గాని, తన పేరు మన నోట నిలుపుకోలేకపోయింది.

నిలుపుకున్నది యోనెక్స్. అది ఎప్పటినుంచో ఉందని మనం అనుకుంటాం. కాని ఒకప్పుడు అదీ కొత్తదే. జపాన్‌లో నీగాటా అనే చోట 1946లో మినోరు యోనెయామా అనే ఆయన చిన్న కొయ్యపని మొదలుపెట్టాడు. చేసింది బ్యాట్లు కాదు, చేపల వలలకు కట్టే కొయ్య బెండ్లు. కొన్నాళ్ళకు ప్లాస్టిక్ బెండ్లు వచ్చాయి. కొయ్య బెండ్లు అడిగేవాడు లేకుండా పోయాడు. చేతిలో మిగిలింది కొయ్య వంచే పనితనం ఒక్కటే. ఆ పనితనంతోనే 1957లో షటిల్ బ్యాట్లు చేయడం మొదలుపెట్టాడు, అదీ ఇతర కంపెనీల పేర్ల మీద. సొంత పేరుతో బ్యాటు అమ్మింది 1961లో. అంటే పేరు పెట్టుకోకముందే పని నేర్చుకున్నాడు.

ప్లాస్టిక్ చేతిలో ఒకసారి దెబ్బ తిన్నవాడు కొయ్యనే నమ్ముకుని కూర్చోడు కదా. 1969లో అల్యూమినియం బ్యాటు తెచ్చాడు, తరువాత కార్బన్ వచ్చింది. 1974లో కంపెనీ పేరు యోనెక్స్ అయింది. 1984 నుంచి ఆల్ ఇంగ్లండ్ పోటీలకు ఆ పేరే ముందు వస్తోంది. 1992లో గుడ్డులాగ ఉండే తలను కాస్త చదరంగా మార్చారు. దానివల్ల నడిమధ్య తగలకపోయినా దెబ్బ బాగా పోతుంది. ఇవాళ ఏ కంపెనీ బ్యాటు చూసినా తల దాదాపు ఆ తీరులోనే ఉంటుంది. ఇక మన దేశంలో మేడ మీద, వీధిలో లైటు కట్టుకుని ఆడేవాళ్ళు కూడా పచ్చ డబ్బాలోని మావిస్ నైలాన్ కాక్ పేరు చెప్పగలరు. నమ్మకం అలా అడుగడుగునా కుదిరింది.

అలాంటి కోటలోకి కొత్తవాడు ఎలా వస్తాడు? దానికి మంచి ఉదాహరణ చైనా కంపెనీ లీ-నింగ్. లీ నింగ్ అనేది ఒక జిమ్నాస్టు పేరు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలతో కలిపి ఆరు పతకాలు గెలిచాడు. 1988 సియోల్‌లో జారిపడి, రిక్తహస్తాలతో వచ్చి ఆట మానుకున్నాడు. 1990లో తన పేరుతోనే బట్టలు, బూట్ల కంపెనీ పెట్టాడు. 2008 బీజింగ్‌లో తాళ్ళకు వేలాడుతూ స్టేడియం అంచున గాలిలో నడిచి జ్యోతి వెలిగించింది అతనే. ఆ ఒలింపిక్స్‌కు డబ్బు కట్టి పేరు వేయించుకున్న కంపెనీ మరొకటి, లోకం చూసింది మాత్రం లీ నింగ్‌ని.

మరుసటి ఏడు 2009లో రెండు పనులు చేశారు. అప్పటిదాకా యోనెక్స్ చేతిలో ఉన్న చైనా జాతీయ షటిల్ జట్టుతో తాము ఒప్పందం రాసుకున్నారు. కేసన్ అనే చైనా షటిల్ కంపెనీని కొనేశారు. యోనెయామా పదేళ్ళు చేత్తో నేర్చుకున్న పనిని వీళ్ళు డబ్బు పెట్టి కొన్నారు. 2012 లండన్‌లో షటిల్ బంగారు పతకాలు ఐదూ చైనాకే వచ్చాయి. ఇంతకంటే పెద్ద ప్రకటన ఏ కంపెనీకైనా దొరుకుతుందా?

అయినా ఆ ఏడాదీ, తరువాత రెండేళ్ళూ లీ-నింగ్ కంపెనీ నష్టాల్లోనే నడిచింది. పతకాలు వేరు, కొట్లో అమ్మకం వేరు. ఇంకో సంగతి చూడండి. లిన్ డాన్ 2008లో యోనెక్స్ బ్యాటుతో బంగారం గెలిచాడు. 2012లో లీ-నింగ్ బ్యాటుతో గెలిచాడు. 2015లో మళ్ళీ యోనెక్స్ బ్యాటు పట్టాడు. మన సింధు 2016 రియోలో వెండి గెలిచినప్పుడు చేతిలో యోనెక్స్. 2019 మొదట్లో లీ-నింగ్‌తో నాలుగేళ్ళ ఒప్పందం చేసుకుంది, యాభై కోట్ల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. ఆ ఆగస్టులోనే బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. బ్యాటు మారింది, గెలిచిన చెయ్యి మారలేదు.

కొత్త కంపెనీ వచ్చినందువల్ల ఆటగాళ్ళకు మేలే జరిగింది. ఇద్దరు పోటీ పడితేనే కదా వేలంపాటలో ధర పెరిగేది. కాని కొత్తవాడికి బయటి గాలి కూడా అనుకూలించాలి. 2021లో టోక్యోకు ముందు మన ఒలింపిక్ సంఘం లీ-నింగ్ దుస్తుల ఒప్పందం వదులుకుంది. కారణం బట్ట నాణ్యం కాదు, చైనా కంపెనీ కావడం.

పాత కంపెనీ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుందా? 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో యోనెక్స్ వాళ్ళ స్థలంలో, యోనెక్స్ బ్యాటుతో ఒక కుర్రవాడు కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుని గిన్నిస్‌కు ఎక్కింది. అంతకుముందు రికార్డు 493. ఆ కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్, ఊరు అమలాపురం. యానాం మిత్రులకు పక్కూరే. మన చెయ్యి, వాళ్ళ పేరు.

ఇప్పుడు మా నిద్ర చెడిన సంగతి. పోయిన ఏడాది సంఘం కొన్న బ్యాట్ల మీద యోనెక్స్ అనే ఉంది. ధర చూస్తే సగం. "పేరు ఉంది కదా, చాలు" అని కొన్నవాళ్ళం మేమే. అందులో ఒకటి గ్యాంగ్‌మన్ గారి అమ్మాయికి ఇచ్చాం. తొమ్మిదో క్లాసు. జిల్లా పోటీలో రెండో గేమ్‌లో బ్యాటు మెడ దగ్గర విరిగింది. పక్కపిల్ల బ్యాటు అడిగి ఆడింది, అది బరువు. ఓడిపోయింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ తరువాత ఆటకు రావడం మానేసింది. విరిగిన బ్యాటును చెన్నైలో గట్టింగ్ చేసే ఒకాయనకు చూపించాం. గోటితో గీస్తే అక్షరాలు ఊడి వచ్చాయి. "ఇది ఆ కంపెనీది కాదు సార్, బిల్లు ఉందా?" అన్నాడు. లేదు. వే బిల్లు లేకుండా ఒక్క పార్సిల్ కూడా వదలని గుమాస్తాలం, పిల్లల బ్యాట్లు బిల్లు లేకుండా కొన్నాం. తమ్ముడు అన్నది నిజం. మేము కొన్నది పేరే, అదీ దొంగ పేరు.

కనుక కొత్త కంపెనీ అని తోసేయడమూ తప్పే, పాత పేరని కళ్ళు మూసుకోవడమూ తప్పే. సింధు చేతిలో ఉన్న బ్యాటు వేరు, అదే పేరుతో మన పిల్లలకు అమ్మే బ్యాటు వేరు. ఆట నియమంలో బ్యాటు పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 దాటకూడదని ఉంది, కంపెనీ పేరు ఫలానాది ఉండాలని లేదు. చూడవలసినవి వేరే. కాడ మీద 4యు అని ఉంటే 80 నుంచి 84 గ్రాములు, 3యు అంటే 85 నుంచి 89. పిల్లలకు తేలికదే మేలు. గట్టింగ్ మరీ బిగువు వద్దు. విరిగితే మార్చి ఇచ్చే పూచీ, చేతిలో బిల్లు తప్పనిసరి.

వచ్చే మీటింగులో మా మాట ఇది: రెండు కంపెనీలవీ ఆరేసి కొందాం, బిల్లుతోనే. పేర్ల మీద కాగితం అంటించి పిల్లలకు ఇద్దాం. ఏది చేతికి కుదిరితే అది వాళ్ళదే. నిన్న సాయంత్రం గ్యాంగ్‌మన్ గారింటికి వెళ్ళి, తప్పు మాదేనమ్మా అని ఆ అమ్మాయితో చెప్పాం. మొదటి బ్యాటు ఆమే ఎంచుకోవాలని అడిగాం. తల్లి కాఫీ ఇచ్చింది. అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, "ఆదివారం ఎన్ని గంటలకు తాతయ్యా?" అంది.

ఉదయం ఏడుకు. మీరందరూ కూడా రండి.