వెన్న మీది పొర

కవ్వంతో మీగడ చిలికితే వెన్న తేలుతుంది. తేలే ముందు కంటికి కనపడనిది ఒకటి జరుగుతుంది. ప్రతి కొవ్వు బొట్టునూ చుట్టుకుని ఉన్న పల్చటి పొర చిరిగి, చాలావరకు మజ్జిగలో కలిసిపోతుంది. ఆ పొర పాలు తయారుచేసే కణానిదే. కొవ్వు బొట్టు కణంలోంచి పాలనాళంలోకి జారేటప్పుడు కణం పైపొరలోంచి కొంత ఒంటికి చుట్టుకుని మరీ వస్తుంది. రొమ్ము క్యాన్సర్ కణాలను పైనుంచి గుర్తుపట్టే విద్యకు తల్లిపాలలోని ఈ పొరే తొలి పాఠం చెప్పింది.

1977లో అమెరికాలో రొబెర్తో చెరియానీ బృందం తల్లిపాల కొవ్వు పొర మీద స్తనకణాల గుర్తులు ఉన్నాయని చూపింది. 1981లో లండన్‌లో జాయిస్ టేలర్-పాపడిమిట్రియూ బృందం ఆ పొరతోనే మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసింది. అవి పట్టుకున్న ప్రొటీన్‌నే ఇప్పుడు మక్-1 అంటున్నాం. ఆరోగ్యంగా ఉన్న స్తనంలో అది కణానికి ఒకే పక్కన, పాలనాళం వైపున మాత్రమే ఉంటుంది. క్యాన్సర్‌లో ఆ దిక్కు చెదిరిపోయి కణం చుట్టూరా కనిపిస్తుంది, రక్తంలోకీ రాలుతుంది. మన ల్యాబుల్లో చేసే సీఏ 15-3 పరీక్ష కొలిచేది దాన్నే. ప్రొటీన్ కొత్తది కాదు, చోటు తప్పింది. ఈ చరిత్ర అంతటికీ ఇదే కీలకమని నాకనిపిస్తుంది.

కణం పైపొర మీదుండే హెర్-2 అనే గ్రాహకం సంగతి చాలామందికి తెలిసిందే. 1987లో డెనిస్ స్లామన్ బృందం 189 రొమ్ము గడ్డలను పరిశీలిస్తే, దాదాపు 30 శాతంలో దాని జన్యువు ప్రతులు పెరిగి ఉన్నాయి. 1998లో అమెరికాలో హెర్-2ను పట్టుకునే మందు ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చింది. 2018లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దాని బయోసిమిలర్‌ను మన దేశంలోకి తెచ్చింది.

స్తనం ఎదుగుదల గుట్టు కూడా పైపొరలోనే దొరికింది. 2006లో మెల్‌బోర్న్‌లో జేన్ విస్వేడర్, జెఫ్రీ లిండెమన్ బృందం సీడీ24, సీడీ29 అనే రెండు గుర్తులను బట్టి ఎలుక స్తనకణాలను ఏరింది. అలా ఏరిన ఒకే ఒక్క కణాన్ని మరో ఎలుకలోని ఖాళీ కొవ్వు మెత్తలో పెడితే, నాళాలతో సహా పూర్తి స్తనగ్రంథి మొలిచింది. ఒక్క కణం నుంచి!

ఇక బర్మింగ్‌హామ్. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో ఫెడోర్ బెర్దిచెవ్‌స్కీ బృందం టెట్రాస్పానిన్ల మీద పట్టుదలగా పనిచేసింది. కణపు పొరను నాలుగుసార్లు గుచ్చుకుని దాటే చిన్న ప్రొటీన్లివి. ఇరుగుపొరుగు ప్రొటీన్లను దగ్గరకు చేర్చి, వాటి నడతను మార్చడం వీటి పని. 2000లో ఎలీనా ఒదింత్సోవాతో కలిసి ఈ బృందం, సీడీ82 అనే టెట్రాస్పానిన్ పక్కన చేరితే ఈజీఎఫ్ గ్రాహకం త్వరగా కణంలోపలికి వెళ్లిపోతుందని, ‘పెరుగు’ అన్న సంకేతం మందగిస్తుందని చూపింది. అందుకు వాడినవి హెచ్‌బీ2 కణాలు. తల్లిపాలలోంచి తీసి లండన్‌లో పెంచిన కణాల సంతతి అవి.

2014లో ఈ బృందమే మరో జత పనిని బయటపెట్టింది. హెర్-2 మితిమీరిన క్యాన్సర్ కణాలను లామినిన్ నిండిన జెల్‌లో పెంచి, వాటిలో సీడీ151 అనే టెట్రాస్పానిన్‌నో, దాని తోడు ప్రొటీన్ ఇంటెగ్రిన్ ఆల్ఫా3బీటా1నో తగ్గించారు. పెరుగుదల కుంటుపడింది. ట్రాస్టుజుమాబ్‌కు కణాలు ఇంకా బాగా లొంగాయి. ఏ వైపు లోపలో, ఏ వైపు బయటో మరిచిపోయిన ఆ కణాలకు మళ్లీ దిక్కు తెలిసింది.