అర్ధణా ఉత్తరం

బీదవాని ఉత్తరం కూడా గొప్పవాని ఉత్తరంతో సమానంగా ప్రయాణం చేయడానికి ఎంతో వాదోపవాదం జరిగిందని మనలో చాలామందికి తెలియదు. ఆ చరిత్రను ఇక్కడ క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

1840కి పూర్వం ఇంగ్లాండులో తపాలా రుసుము దూరాన్నిబట్టి, కాగితాల సంఖ్యనుబట్టి ఉండేది. సాధారణంగా దానిని ఉత్తరం అందుకొన్నవారే చెల్లించాలి. చేతిలో డబ్బు లేని తల్లి, కొడుకు ఉత్తరాన్ని కంటితో చూసి తిప్పి పంపవలసిందే. ఒక స్త్రీ తన సోదరుని ఉత్తరాన్ని వద్దంటూ ఉంటే, చూచిన పెద్దమనిషి జాలిపడి డబ్బు కట్టాడట. విప్పితే లోపల తెల్లకాగితమే! క్షేమంగా ఉన్నానని తెలపడానికి వారు చేసికొన్న ఏర్పాటది. ఆ పెద్దమనిషి రోలండ్ హిల్ అని చెప్పుకొంటారు గాని, హిల్ దీనిని కవి కోల్‌రిడ్జ్ అనుభవంగానే పేర్కొన్నాడు.

బడిపంతులుగా పనిచేసిన హిల్ 1837లో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. లండన్ నుండి ఎడింబరోకు ఒక ఉత్తరం మోయడానికి పెన్నీలో 36వ వంతు మాత్రమే ఖర్చవుతుందని లెక్కగట్టాడు. లెక్కలు వ్రాయడానికి, ఇంటింటా వసూలు చేయడానికే అసలు ఖర్చు. కనుక దూరంతో నిమిత్తం లేకుండా ఒకే రుసుము, అదీ ముందుగానే చెల్లించాలన్నాడు. 1840 జనవరి 10న అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ అయింది. మే నెలలో తపాలా బిళ్ల వచ్చింది. 1839లో సుమారు 7.6 కోట్లున్న ఉత్తరాలు మరుసటి ఏడాదికి 16.9 కోట్లయ్యాయి. సర్కారు రాబడి మాత్రం చాలాకాలం తగ్గే ఉంది. నష్టం వచ్చినా ఈ పద్ధతిని విడువలేదు.

మన దేశంలో 1837 నాటి కుంఫిణీ చట్టం ప్రకారం కలకత్తా నుండి బొంబాయికి తులం ఉత్తరానికి రూపాయి. డల్హౌసీ కాలంలో, 1854 అక్టోబరు 1 నుండి, పావు తులం ఉత్తరానికి దేశమంతటా అర్ధణాయే. విశాఖపట్నంలో నీలిరంగు అర్ధణా బిళ్ల అంటిస్తే భీమునిపట్నానికైనా, పెషావరుకైనా అదే ధర. బిళ్ల లేని బేరింగు ఉత్తరానికి రెట్టింపు. 1890ల దాకా మన తీరానికి రైలు లేదు. సంచి భుజాన వేసికొని పరుగెత్తిన రన్నర్ల కాళ్లమీదే ఈ సంస్కరణ నడిచింది.

1879 జూలై 1న పావు అణా కార్డు, 1880లో మనియార్డరు వచ్చాయి. మన జిల్లాలనుండి వేలమంది కూలికి రంగూను వెళ్లారు. 1937 దాకా బర్మా బ్రిటిషిండియాలో భాగమే గనుక, సముద్రం దాటినా ఒక కార్డుముక్క క్షేమసమాచారం తెచ్చేది. చదువురాని ఇంట దానిని చదివిపెట్టడానికి ఇరుగుపొరుగువారో, తపాలా జవానో కావలసివచ్చేది. ఉత్తరం చౌకయినంత మాత్రాన అక్షరం అందరికీ అందలేదు.

అయినా ఒక న్యాయం స్థిరపడింది. దూరాన ఉన్నవానికీ, దగ్గరవానికీ ఒకే ధర. ఆ ధర కూలివాడు ఇచ్చుకోగలిగినది. రేవులోను, ఉక్కు కర్మాగారంలోను పనికై ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలున్న ఈ పట్టణంలో ఆ న్యాయం విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.