సంవత్సరాన్ని ఎవరు తెరుస్తారు? నైలు వరద నుంచి మన విజ్జ పండుం దాకా

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

హసన్‌పర్తి హాస్టళ్లలో జనవరి 1కి కేకు కోస్తాం, ఉగాదికి సెలవు తీసుకుంటాం. మరి మన గూడెంలో, తండాలో సంవత్సరం ఎప్పుడు మొదలవుతదంటే చాలామందిమి ఆలోచనలో పడతాం. ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఈజిప్టు చరిత్ర మనకు బాగా పనికొస్తది.

ప్రాచీన ఈజిప్టు రైతుకు నైలు నదే దిక్కు. ఎండలు ముదిరినంక నది పొంగేది. వరద తీసినంక మిగిలిన నల్లటి ఒండ్రులోనే విత్తనం పడేది. ఇంచుమించు అదే కాలంలో, 70 రోజులు కనబడకుండా పోయిన సిరియస్ నక్షత్రం తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనిపించేది. ఆ పండుగను 'వెపెత్ రెన్‌పెత్' అన్నారు. అంటే సంవత్సరాన్ని తెరిచేది. నెలకు 30 రోజుల చొప్పున 12 నెలలు, చివర ఇంకో 5 రోజులు. ఆ ఐదూ ఒసిరిస్, హోరస్, సెత్, ఐసిస్, నెఫ్తిస్ పుట్టినరోజులు. పాత సంవత్సరం పోతూ పోతూ రోగాలు తెస్తదని భయపడి జనం తాయెత్తులు కట్టుకునేవారు. కొత్త సంవత్సరం నాడు దేవత విగ్రహాన్ని గుడి పైకప్పు మీదికి మోసుకుపోయి సూర్యకాంతి తగిలేలా పెట్టేవారు. దెందెరా గుడి మెట్ల గోడల మీద ఆ ఊరేగింపు బొమ్మలు ఇప్పటికీ ఉన్నయి.

తర్వాత మతం మారింది. క్రీ.శ. 6వ శతాబ్దంలో ఫిలే దీవిలోని ఐసిస్ గుడి కూడా మూతపడ్డది. ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవులు ఇప్పటికీ సెప్టెంబర్ 11న 'నైరూజ్' పేరుతో కొత్త సంవత్సరం చేసుకుంటారు. వాళ్ల మొదటి నెల పేరు 'థౌత్'. అది పాత దేవుడు థోత్ పేరే. కానీ పండుగ అర్థం మారింది, ఇప్పుడది అమరుల స్మరణ. ఇక 1970లో అస్వాన్ పెద్ద డ్యామ్ పూర్తయినంక నైలు వరదే ఆగిపోయింది. ఆ ముంపు నుంచి ఫిలే గుడిని రాయి రాయి విప్పి పక్క దీవికి మార్చి కాపాడారు. నూబియా ప్రజల ఊళ్లు మాత్రం నీళ్లలో కలిసిపోయినయి.

ఇప్పుడు ఆ పాత మతాన్ని మళ్లీ పాటించేవాళ్లు ఉన్నారు. 1980ల చివర అమెరికాలోని చికాగోలో మొదలైన 'కెమెటిక్ ఆర్థడాక్సీ' వాళ్లు నక్షత్రం లెక్క చూసుకుని ఆగస్టు మొదట్లో కొత్త సంవత్సరం చేస్తారు. వాళ్ల భక్తిని తక్కువ చేయొద్దు. కానీ అడుగుదామంటే వాళ్లకు అవ్వలు, తాతలు లేరు. గోడలు, పాపిరస్‌లు, పుస్తకాలే దిక్కు. ఆ గోడల రాతనైనా 1822లో షాంపోలియన్ చదవగలిగాడంటే, చర్చి పాటల్లో బతికిన కోప్టిక్ భాష ఆయనకు తెలిసి ఉండటం ఒక ముఖ్య కారణం. భాష మిగిలింది కాబట్టి రాయి మాట్లాడింది.

ఇక మన సంగతి. కోయ భాషలో పండుగ అంటే 'పండుం'. వానలకు ముందు విత్తనాలను వేల్పు ముందర పెట్టి మొక్కినంకనే పొలంలో చల్లే పండుగ విజ్జ పండుం, అదే భూమి పండుగ. మామిడి పండుగ కాకముందు కోయ, కొండరెడ్డి పెద్దలు కాయ ముట్టరు. కొత్తలకు కొత్త గింజ ముందు వేల్పులకు, పెద్దలకు, తర్వాతే మనకు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా దగ్గరికి మెస్రం వాళ్లు గోదావరి నీళ్లు నడిచి తెస్తారు. వానాకాలంలో తండాల ఆడపిల్లలు తొమ్మిది రోజులు తీజ్ మొలకలు పెంచుతారు. అంటే మనకు సంవత్సరం ఒక్క తేదీన తెరుచుకోదు. విత్తనానికి ఒకసారి, కాయకు ఒకసారి, గింజకు ఒకసారి తెరుచుకుంటది. తెరిచేది భూమి, పలికేది మన భాష.

ఈ రెండూ ఇప్పుడు ప్రమాదంలో ఉన్నయి. పోలవరం ముంపులో పోయే కోయ, కొండరెడ్డి ఊళ్లలో వేల్పుల చోట్లు కూడా ఉన్నయి. ఇటు హాస్టల్‌కు వచ్చిన మనం ఇంటి భాష మర్చిపోతున్నం. ఈజిప్టుకు రాతిగోడలున్నయి. మన పండుగలు రాసిపెట్టిన గోడలు లేవు, పెద్దల నోళ్లే ఉన్నయి.

అందుకే ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడగండి. పండుగ రోజు ఎవరు నిర్ణయిస్తారు? ఏ చెట్టు, ఏ వాన, ఏ చుక్క చూసి? మొదటి మాట ఎవరు పలుకుతారు? పెద్దలు ఒప్పుకుంటే మన భాషలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. బయటికి చెప్పొద్దన్నది ఇక్కడ పెట్టకండి, అది ఊరి సొత్తు. మిగతాది రాయండి. మన సంవత్సరం గురించి మన మనవళ్లు మ్యూజియంలో చదువుకునే గతి రావద్దు.

జోహార్.