అక్షరాలు వచ్చినా చదవడం ఎందుకు రాదు?

అక్షరమాల అప్పజెప్పే పిల్లకు చదవడం వచ్చినట్టేనా? కాదు. అప్పజెప్పడం జ్ఞాపకం పని. చదవాలంటే ముందు చెవి తయారుకావాలి. 'పలక' అన్న మాటలో మూడు చప్పుళ్లున్నాయని పిల్ల చప్పట్లు కొట్టి చెప్పగలగాలి. దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు, అంగన్‌వాడీలో పాటలు, పొడుపుకథలు చాలు. ఆ తర్వాతే అక్షరం, గుణింతం, ఒత్తు, తడుముకోకుండా చదవడం, చదివింది అర్థం చేసుకోవడం.

తెలుగులో చిక్కంతా గుణింతాలు, ఒత్తుల దగ్గరే. 'పడు', 'పాడు' మధ్య తేడా ఒక్క దీర్ఘం. 56 అక్షరాలు వరుసగా అయ్యేదాకా ఒక్క మాటా చదివించకపోవడం పాత అలవాటు. 'ఙ' కోసం ఎందుకు ఆగాలి? త, ప, ల, క రాగానే 'తల', 'కల', 'పలక' చదివించొచ్చు.

ఇక ఇంటి భాష సంగతి. జనగామ దళితవాడ పిల్ల 'గట్ల' అంటుంది, పుస్తకం 'అలా' అంటుంది. 'భారతం'ను 'బారతం' అని చదివితే చదవడం రానట్టు కాదు. మహాప్రాణాలు మాటల్లో పలకనివాళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నారు, వెక్కిరింపు మాత్రం వాడ పిల్లలకే. మహబూబాబాద్ తండాల్లో ఇంటి భాష లంబాడీ, భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయ. ఆ పిల్లలకు తెలుగు రెండో భాష. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, బంజారా సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టిన అనుభవమూ ఉంది.

2022-23లో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. మేము దాన్ని వ్యతిరేకించం. మనకు ఇంగ్లీషు వద్దని చెప్పేవాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో అందరికీ తెలుసు. అయితే తెలిసిన భాషలో చదవడం పట్టుబడితే రెండో లిపి తేలికవుతుంది. అందుకే ఇంటి భాష నుంచి మొదలుపెట్టమంటున్నాం.

మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు రావాలన్నది 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ లక్ష్యం. 2022 ఆగస్టులో రాష్ట్రం 'తొలిమెట్టు' ప్రారంభించింది. కానీ 60 మంది పిల్లల వరకు చట్టం ఇచ్చేది ఇద్దరు టీచర్లనే, తరగతులేమో ఐదు. ఒకటో తరగతి పిల్ల పక్కన కూర్చుని వినే తీరిక ఎవరికి?

బడికి వెళ్లే కార్యకర్తలు, విద్యార్థులు పాఠ్యపుస్తకం చదివించొద్దు, అది కంఠతా వచ్చి ఉండొచ్చు. పిల్లలకు తెలిసిన మాటలతో నాలుగు కొత్త వాక్యాలు రాసిచ్చి చదివించండి. చదివాక, అందులో ఎవరు ఎక్కడికి పోయారో అడగండి.