తోబుట్టువు పిటిషన్: పిల్లల వయసు లెక్క

అమెరికా పౌరులైన అన్నో అక్కో ఇక్కడి తోబుట్టువు కోసం ఐ-130 పిటిషన్ వేస్తే అది ఎఫ్4 వరుసలో చేరుతుంది. భారత్‌లో పుట్టినవారి వంతు రావడానికి పదిహేనేళ్లు దాటుతోంది. జీవిత భాగస్వామి, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు అదే పిటిషన్‌పై వెళ్లవచ్చు. కానీ అప్పుడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ ఇప్పుడు కాలేజీలో ఉంటుంది. చిక్కంతా అదే.

2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం కొంత ఊరట. వీసా నంబరు అందిన నాటి వయసులోంచి, పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని తీసేస్తారు. అమ్మాయికి 23 ఏళ్లు, ఆమోదానికి మూడేళ్లు పట్టిందనుకోండి, లెక్కలో 20. ఆమోదం తర్వాత వరుసలో గడిచిన ఏళ్లు మాత్రం తీసివేతకు రావు. చాలామంది పొరబడేది ఇక్కడే. నంబరు అందిన ఏడాదిలోగా వీసా ప్రయత్నం మొదలుపెట్టాలి కూడా.

లెక్క 21 దాటితే, 2014 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం పాత తేదీ ఆ బిడ్డకు దక్కదు. తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు వచ్చాక ఎఫ్2బి కింద మళ్లీ మొదలుపెట్టాలి. వాళ్లు పౌరులయ్యేలోగా బిడ్డకు పెళ్లయితే అదీ రద్దే. సంబంధాలు చూసేముందే ఇది తెలియాలి.

మన ఇళ్లలో ఇంకో తంటా పేర్లతో. హోసూరులో చదివిన అన్నకు ఇనీషియల్, ఆంధ్రాలో మెట్టిన చెల్లెలికి అత్తవారి ఇంటిపేరు. ఇద్దరి జనన ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. జననం నమోదే కాకుంటే, నమోదు లేదన్న పత్రంతోపాటు పాత స్కూలు రికార్డులు జతచేయాలి.