పౌలు (పురుషనామము)

పౌలు అనునది లాటిను భాషలో పుట్టి, గ్రీకు భాష ద్వారమున లోకమంతట వ్యాపించిన పురుషనామము. లాటినున దీని మూలరూపము పౌలుస్. చిన్నవాడు, అల్పుడు అని దాని యర్థము. కొద్దిమంది అను భావమును తెలుపు పౌకుస్ అను లాటిను శబ్దమును, స్వల్పమును సూచించు పౌరోస్ అను గ్రీకు శబ్దమును దీనికి సజాతీయములు. పరాక్రమమును, ఐశ్వర్యమును, దైవానుగ్రహమును కోరి బిడ్డలకు పేర్లు పెట్టుట సర్వదేశములందును పరిపాటియై యుండగా, అల్పత్వమును చెప్పు ఈ శబ్దము రెండువేల యేండ్లకు పైబడి ఇన్ని జాతుల నోళ్ల నిలిచి యుండుటకు దాని యర్థము కారణము కాదు. దానిని వహించిన ఒక్క మహాపురుషుడును, ఆయన వ్రాసిన లేఖలును కారణము.

రోమను పౌరునకు సాధారణముగా మూడు పేర్లుండెడివి: వ్యక్తినామము, వంశనామము, ఆ వంశమునందలి శాఖను తెలుపు ఉపనామము. ఉపనామములలో పెక్కులు ఏ పూర్వుని దేహలక్షణమును బట్టియో పుట్టి, పిదప మన యింటిపేర్ల వలెనే అర్థముతో నిమిత్తము లేక తరతరములకు సంక్రమించినవి. ఎమీలియుస్ వంశములో ఒక శాఖవారి ఉపనామము పౌలుస్. ప్రాచీనలేఖనమున లకారద్విత్వముతో పౌల్లుస్ అని కానవచ్చును. క్రీ. పూ. 216లో హానిబాలుతో కానె యొద్ద జరిగిన ఘోరసంగ్రామమున రోమను సేనలను నడపిన కాన్సలు లిద్దరిలో, పలాయనము చిత్తగింపక రణరంగముననే ప్రాణములు విడిచిన లూసియుస్ ఎమీలియుస్ పౌలుస్ ఈ శాఖవాడే. ఆయన కుమారుడు, తండ్రి పేరే గలవాడు, క్రీ. పూ. 168లో పిడ్నా యుద్ధమున మాసిడోనియా రాజగు పెర్సియుస్‌ను జయించి మాసిడోనికుస్ అను బిరుదమును వహించెను. అపారమైన రాజధనము చేజిక్కినను దానినంతయు ప్రజాకోశమునకు చేర్చి, విద్యాభిరుచి గల కుమారులకొరకు రాజుగారి గ్రంథసంచయమును మాత్రము గైకొనెనని ప్లూటార్కు వ్రాసిన చరిత్రవలన తెలియుచున్నది. కాని విధి ఆ మహావీరునిపై దయ చూపలేదు. పెద్దకుమారు లిద్దరిని అంతకు పూర్వమే అన్యవంశములకు దత్తత యిచ్చియుండెను. ఇంట మిగిలిన యిద్దరు బాలురలో ఒకడు విజయోత్సవమునకు అయిదు దినములు ముందును, మరియొకడు మూడు దినముల పిదపను మరణించిరి. రోము నగరమంతయు జయధ్వానములతో మారుమ్రోగుచుండగా ఆ తండ్రి యింట పేరు నిలుపువాడు లేకపోయెను. అటుపిమ్మట సుమారు నూరేండ్లకు అదే ఎమీలియుస్ వంశమున లెపిదుస్ శాఖవారు ఈ నామమును పునరుద్ధరించి, ఉపనామముగనే గాక వ్యక్తినామముగ సైతము వాడిరి. రోమను కులీనుల చేతులలోనే యుండియున్నచో ఈ పేరు ఆ సామ్రాజ్యముతో పాటు చరిత్రగ్రంథములకు పరిమితమై యుండెడిది.

అట్లు గాకుండ కాపాడినవాడు కిలికియ దేశమునందలి తార్సు పట్టణమున జన్మించిన యూదుడు, వృత్తిచే డేరాలు కుట్టువాడు, జన్మచే రోమను పౌరుడు. బెన్యామీను గోత్రజుడగుటచే ఆ గోత్రమున పుట్టిన ఇశ్రాయేలు ప్రథమరాజు పేరు, అనగా సౌలు అను పేరు, ఆయనకు కలదు. దమస్కు మార్గమున దివ్యదర్శనమై మనస్సు మారిన క్షణముననే సౌలు పౌలుగా మారెనని జనులలో గాఢమైన విశ్వాసము కలదు గాని, అపొస్తలుల కార్యములను శ్రద్ధతో చదువువారి కది నిలువదు. ఆ దర్శనమునకు పిదప సైతము ఆ గ్రంథము చాలకాలము ఆయనను సౌలు అనియే పిలిచి, పదుమూడవ అధ్యాయమున, కుప్ర ద్వీపమునందలి పాఫు పట్టణమున, సెర్గి పౌలు అను రోమను అధిపతి యెదుట నిలిచిన సందర్భమున మొట్టమొదట పౌలు అను పేరును పేర్కొనుచున్నది. ఈ సామ్యమును బట్టి, విజేతలు తాము గెలిచిన దేశముల పేర్లను బిరుదములుగా ధరించినట్లు ఆయన తన బోధచే మార్చిన అధిపతి పేరును గ్రహించెనని జెరోము భావించెను. తన్ను అపొస్తలులందరిలో అల్పునిగా చెప్పుకొన్న వినయమే ఈ నామస్వీకారమునకు హేతువని అగస్టీను వ్యాఖ్యానించెను. ఈ రెండును మనోహరములే గాని, అంతకంటె సులభమైన సమాధానము కలదు. ఆ కాలమున విదేశములందు నివసించు యూదులకు ఇంట నొక హెబ్రీ నామమును, వీధిలో నొక గ్రీకు లేక రోమను నామమును ఉండుట వాడుక; యోహాను అను నతనికి మార్కు అను రెండవ పేరున్నట్లు ఆ గ్రంథమే తెలుపుచున్నది. సౌలు, పౌలు అను రెండును శ్రుతికి దగ్గరగా నున్నవి. అన్యజనులలో సంచరింప బూనిన దినమునుండి ఆయన తన రెండవ పేరునే ముందు నిలిపెనని తలచుట సమంజసము.

ఆయన పేర క్రొత్త నిబంధనలో పదుమూడు లేఖలు నిలిచి యున్నవి. ప్రతి లేఖయు పౌలు అను శబ్దముతోనే ఆరంభమగుట యొక విశేషము. ఆ లేఖలు భాషాంతరీకరింపబడిన ప్రతిదేశమునకును మొదట చేరినది ఆ పేరు. గ్రీకున పౌలోస్, అరబ్బున బూలుస్, అర్మేనియనున పోఘోస్, రష్యనున పావెల్, ఇటలీలో పాఓలో, స్పెయినులో పాబ్లో, ఫిన్నులలో పావో, హంగేరీలో పాల్ అని అది రూపములు దాల్చెను. అయినను మధ్యయుగముల పాశ్చాత్య ఐరోపాలో దీనికి పేతురు అను పేరునకున్నంత ప్రాచుర్యము లేదు. జూన్ 29వ తేది ఇద్దరు అపొస్తలుల ఉమ్మడి పండుగయగుటచే, ఆ దినమున పుట్టిన బిడ్డకు మొదటివాని పేరే పెట్టబడుట సహజమై యుండును. లండనులో 604లోనే పౌలు పేర ప్రధానదేవాలయము వెలసినను, ఇంగ్లండులో ఈ పేరు పదునేడవ శతాబ్దికి పూర్వము విరళమే.

పోపులలో ఆరుగురు ఈ పేరు వహించిరి. వారిలో మొదటివాడు 757లోను, ఆరవవాడు 1963లోను పీఠమెక్కిరి. ఆరవ పౌలు 1964 డిసెంబరులో బొంబాయి వచ్చి, భారతభూమిపై అడుగిడిన తొలి పోపయ్యెను. 1978లో ఆయన పిమ్మట వచ్చినవాడు పూర్వు లిద్దరి పేర్లను జతపరచి జాన్ పాల్ అను జంటనామమును గైకొనగా, ఆ పీఠమున అట్టి నామమునకు అదియే ప్రథమము. ఊళ్లకు సైతము ఈ పేరు సంక్రమించెను: 1554 జనవరి 25న, పౌలు మనఃపరివర్తన పండుగనాడు, జెస్యూటులు బ్రెజిలులో స్థాపించిన సావో పౌలో నేడు మహానగరము. గోవాలో జెస్యూటుల విద్యాపీఠమునకును ఈయన పేరే. మన దేశమునకు వచ్చిన ప్రథమ ముద్రణయంత్రము 1556లో అచ్చటనే నెలకొల్పబడినది.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలో బాలుర పేర్లలో తొలి ఇరువదింటిలో ఇది నిలిచినది. ఇంగ్లండులో 1950, 1960 దశాబ్దములలో అగ్రశ్రేణిని అందుకొని, ఆపైన తగ్గినది. జర్మనీలో 1900 ప్రాంతమున బహుళప్రచారమై, ద్వితీయ ప్రపంచయుద్ధానంతరము వాడుక తప్పి, శతాబ్ది చివర మరల వెలుగులోనికి వచ్చినది. తాతల పేర్లు మనుమలకు పెట్టు వాంఛ అచ్చటను బలీయమే.

దక్షిణభారతమున ఈ పేరు రెండు త్రోవల వచ్చినది. కేరళ సిరియను క్రైస్తవులు పౌలోస్ అను ధ్వనిని కాపాడిరి. తమిళ కథోలికులో, అర్థమును గ్రహించి పౌలును చిన్నప్పర్ అనిరి. పేతురును రాయప్పర్ అనిరి. పదునెనిమిదవ శతాబ్దిలో తమిళప్రాంతము మీదుగా వచ్చిన కర్ణాటక మిషను జెస్యూటుల వలన ఆ సంప్రదాయము తెలుగునేలకు చేరి, గుంటూరు, రాయలసీమ ప్రాంతముల కథోలిక రెడ్డి కుటుంబములలో రాయప్పరెడ్డి, చిన్నప్పరెడ్డి అను పేర్లు నేటికిని వినవచ్చుచున్నవి. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయిన తరువాత ప్రొటెస్టెంటు సంఘములలో పౌలు అను రూపమును, ఆంగ్లవిద్యా ప్రభావమున పాల్ అను రూపమును వ్యాపించినవి. నూటయేబది యేండ్లకు పైగా మాలమాదిగ పల్లెల క్రైస్తవ కుటుంబములలో ఈ పేరు తాతనుండి మనుమనికి నడచి వచ్చినది. జాన్ పాల్, ప్రేమ్ పాల్, ఆనందపాల్ వంటి సమాసములు ఇటీవలివి. ఉత్తరాదివారి పేర్ల చివరను, వంగీయుల యింటిపేర్లలోను కనవచ్చు పాల్ మాత్రము దీనికి సంబంధించినది కాదు. అది పాలకుడు అను అర్థము గల సంస్కృత పాలశబ్దము. 1907లో రాజమహేంద్రవరమునకు వచ్చి వందేమాతరోద్యమ ప్రసంగములు గావించిన బిపిన్ చంద్ర పాల్ పేరిలోనిది ఆ శబ్దమే.