రెండు నదుల పుట్టినిల్లు.. అనంతగిరి అడవి

అనంతగిరి: శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు ఎక్కే పర్యాటకుల ధ్యాసంతా బొర్రా గుహలు, అరకు లోయపైనే ఉంటుంది. నడుమనున్న అడవి వాహనాల కిటికీల్లోంచి కనిపించి కనుమరుగవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో విస్తరించిన ఈ అరణ్యమే విశాఖ నగరం దాహార్తిని తీర్చే రెండు నదులకు పుట్టినిల్లు. షెడ్యూల్డు ప్రాంత భూములకు రక్షణగా నిలిచిన సుప్రీంకోర్టు తీర్పునకు మూలమైనవీ ఈ కొండలే.

కొండ నెత్తిన నీటి నిధి

తూర్పు కనుమల్లోని ఈ కొండలు ప్రధానంగా ఖోండలైట్ శిలలతో ఏర్పడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్.వాకర్ 1902లో ఇక్కడి ఆదిమ జాతి అయిన ఖోండుల పేరునే ఈ రాతికి పెట్టారు. దాదాపు 5,000 అడుగుల ఎత్తున్న గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది శిఖరాలపై ఈ శిల యుగాల తరబడి ఎండకు, వానకు శిథిలమై బాక్సైట్‌గా మారింది. గుల్లగా ఉండే ఆ పొర వాననీటిని పీల్చుకుని, ఊటల రూపంలో నెమ్మదిగా విడిచిపెడుతుంది. ఆ ఊటలే గెడ్డలై పారతాయి.

ఈ కొండల్లో జన్మించిన గోస్తని బొర్రా సున్నపురాతి గుహల మీదుగా సాగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. శారద నదిపై రైవాడ జలాశయం ఉంది. ఈ రెండు జలాశయాలూ ఆయకట్టుకు సాగునీటితో పాటు విశాఖకు తాగునీటిని అందిస్తున్నాయి. తిరుమల కొండల్లో కనిపించే అరుదైన బంగారు బల్లికి బొర్రా గుహలు కూడా ఆవాసమే.

అడవే ఆధారం

కొండదొర, భగత, వాల్మీకి, గదబ, పోర్జ, ఖోండు తదితర తెగలవారికి ఈ ప్రాంతం నివాసం. అడ్డాకులు, ఉసిరి, కరక్కాయలు, చింతపండు సేకరణ వారి జీవనాధారాల్లో ఒకటి. 1956లో ఏర్పాటైన గిరిజన సహకార సంస్థ ఈ ఉత్పత్తులను కొనుగోలు చేస్తోంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకునే మిరియాలు మరో ఆదాయ మార్గం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

‘ఏజెన్సీ’ పేరు వెనుక

బ్రిటిష్ పాలకులు 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం మన్యాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించారు. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా వచ్చింది. గిరిజనుల భూములు ఏజెంటు అనుమతి లేకుండా ఇతరుల పరం కారాదని 1917లో చట్టం చేశారు. 1959 నాటి ఒకటో నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ఈ రక్షణను మరింత పటిష్ఠం చేశాయి.

అయినా బొర్రా పరిసరాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు మంజూరయ్యాయి. ‘సమత’ స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం సుప్రీంకోర్టు వరకు సాగింది. నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న పదం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997 జులై 11న న్యాయస్థానం మెజారిటీ తీర్పు వెలువరించింది. ప్రభుత్వ సంస్థలకు, గిరిజన సహకార సంఘాలకు మాత్రం అవకాశం మిగిలింది.

లీజులు రద్దయినా..

ఆ వెసులుబాటుతోనే రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా బాక్సైట్ తవ్వకాలకు ప్రయత్నాలు జరిగాయి. గిరిజనుల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ లీజులను రద్దు చేసింది. కాగితంపై లీజు పోయినా ఖనిజం కొండ నెత్తినే ఉంది. దానిని తవ్వితే ఊటలూ పోతాయన్నది గిరిజనుల ఆందోళన. ఆ ఊటలు ఎండితే నష్టం కొండవాసులకు మాత్రమే కాదు. దిగువన తాటిపూడి, రైవాడ నీటిపై ఆధారపడిన రైతులకు, నగరవాసులకు కూడా.